అక్క విమానం దిగే దాకా

నేను, లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు వేసే ఉద్యోగిని, కుట్టుషాపు నడిపే అమ్మకు రెండో కూతుర్ని, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో నేనే ఇది రాస్తున్నాను. రేపు నా గుండెకు ఆపరేషన్. భయంగా ఉంది. మతి మాత్రం నిలకడగానే ఉంది.

1. నా తరవాత దీన్ని అమలు చేసే బాధ్యత బాబాయిది. ఆయన స్కూలు బస్సు నడుపుతారు. ఒక్క పిల్ల రాకపోయినా బండి కదల్చరు. అందుకే ఆయన.

2. నా పుస్తకాలన్నీ లైబ్రరీకి. గొడుగు నా పక్క టేబుల్ ఆవిడకు. వాన పడ్డ ప్రతిసారీ, "ఇప్పుడే తెచ్చిస్తానే" అని పట్టుకెళ్తుంది. ఇకమీదట తేనక్కర్లేదు.

3. మామయ్యకు నా మడత కుర్చీ. నాన్న పోయిన రోజు పొద్దున తొమ్మిదింటికి అక్క ఫోన్ చేసి, విమానం ఎక్కుతున్నానంది. మధ్యాహ్నం మూడింటికి మామయ్య లేచి, "ఇంకెంతసేపమ్మా? వచ్చేదైతే ఈపాటికి వచ్చేది" అన్నారు. నాన్నను తీసుకెళ్లిపోయారు. అక్క వచ్చేసరికి ఇల్లు కడిగేశారు. ఈసారి మామయ్య కూర్చుని ఎదురుచూడవచ్చు.

4. అక్క ఉండే ఊరు మనకు తూర్పున తొమ్మిది వేల కిలోమీటర్లు. టికెట్టు మీద మధ్యాహ్నం రెండున్నరకు బయలుదేరి రాత్రి ఎనిమిదింటికి దిగుతుందని ఉంటుంది. అమ్మ దాన్ని చూసి ఐదున్నర గంటల దారి అనుకుంది. పదకొండు గంటలమ్మా అని ఆ రోజే చెప్పాను. "దానికి వత్తాసు పలక్కు. అచ్చేసిన కాగితం అబద్ధం చెబుతుందా?" అంది. మూడేళ్లయింది, అక్కతో మాట్లాడదు.

అమ్మా, కాగితం అబద్ధం చెప్పలేదు. బయలుదేరే టైము వాళ్ల గడియారంది, దిగే టైము మనది. వాళ్లది మనకన్నా ఐదున్నర గంటలు ముందు. లంగా పొడవును ఒక కొస అంగుళాల టేపుతో, రెండో కొస సెంటీమీటర్ల టేపుతో చూసి తీసివేత వేస్తే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? అక్క దారిలో ఎక్కడా ఆగలేదు.

కాబట్టి, నేను పోతే, అక్క వచ్చి నన్ను చూసేదాకా కదల్చకూడదు. విమానం ఆలస్యమైనా సరే. "ఇక తీసుకెళ్లండి" అనే మాట అక్క నోటి నుంచే రావాలి. ఆవిడ గుమ్మంలో నిలబడితే లోపలికి పిలవాలి. రేపు నేను బతికినా ఈ చివరి మాట చెల్లుతుంది. ఆపరేషన్‌కు రమ్మని అక్కను అడిగాను. "అమ్మ పిలిస్తే వస్తానే" అంది.

5. నాన్న చేతిగడియారం అక్కకు. టైము మార్చకు అక్కా. మేం ఏ పూటలో ఉన్నామో తెలుస్తుంది.

6. అమ్మకు ఏమీ రాయడం లేదు. ప్రేమ లేక కాదు. వీలునామాలో వాటా ఉన్నవాళ్లు సాక్షి సంతకం చేయకూడదట. నాకు వాటాదారు కన్నా సాక్షి అవసరం.

తేదీ: జూన్ పది, మంగళవారం సాయంత్రం, ఆసుపత్రిలో.

సంతకం: చిన్నది

మొదటి సాక్షి: వార్డు నర్సు (సంతకం చేశారు)

రెండో సాక్షి: అమ్మ (చదవకుండా చేయనంది. నాలుగో అంశం రెండోసారి చదివింది. "దాని ఫోన్ నంబరేదే?" అంటోంది. సంతకం ఇంకా చేయలేదు.)