రెండు నూళ్ల పొట్టు

నిర్మల్,
గురువారం పొద్దున

చిరంజీవి సౌభాగ్యవతి కోమలకు,

వెంకటేశ్ చేతికిచ్చి పంపిన నీ ఉత్తరం అందింది. ఇక్కడ నేను, అవ్వ, మన పిల్లగాడు సాగర్ ముగ్గురం కుశలం. అక్కడ నువ్వూ, నువ్వు చూసుకునే ఆ ముసలమ్మా కుశలమని తలుస్తున్న. కుశలం అన్న మాట ఈసారి అలవాటు కొద్దీ రాయలేదు. లేచి లోపలికి పోయి సాగర్‌ను ఒకసారి చూసి వచ్చి రాసిన.

వెంకటేశ్ శనివారం మళ్లీ మీ మస్కట్‌కు పోతున్నడు. ఫోన్‌లో చెబుదామంటే నీ ఫోన్ ఆ ఇంటి వంటగదిలో నలుగురి నడుమ మోగుతది. ఇది నువ్వొక్కదానివే కూర్చొని చదవాలె. సోమవారం లోపల నేను కరీంనగర్ పోయి సాగర్ కాలేజీలో ఒక మాట చెప్పాల్సి ఉన్నది. చెప్పకపోతే ఒక ఆడపిల్ల బతుకు పాడైతది, ఇంకొకరి బిడ్డ ప్రాణం మీదికి వస్తది. ఆ మాట ముందు నీకు చెప్పాలె.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. మా అవ్వ మోకాళ్లకు నూనె పని చేసింది. కాళ్లకు రెస్టు దొరికింది గని నోటికి దొరకలేదు, పోశవ్వ పోశవ్వే. జైనూర్ దిక్కు నుంచి బొమ్మలకు పొణికి చెక్క రెండు మొద్దులు వచ్చినయి. బాగా ఆరింది, గోరు గుచ్చితే దిగేంత మెత్తగ ఉన్నది. పెరట్లో నువ్వు పెట్టిన కరివేపాకు బతికింది.

కారుకు రెక్కలెందుకు, అది ఎగురుతదా అని రాసినవు. నేనూ అట్లనే అడిగితే సాగర్ నవ్విండు. విమానం రెక్క గాలి మీద పైకి లేస్తది గద. అదే రెక్కను బోర్లించి కారు ముక్కుకు కడితే గాలి ఆ కారును నేలకు తొక్కి పడుతది. తొక్కి పట్టినకొద్దీ టైర్లు నేలను వదలవు, మలుపులో జారవు, బ్రేకుకు నిలబడుతయి. మెల్లగ పోతే ఆ రెక్క ఉన్నా లేనట్టే. వేగం రెండింతలైతే గాలి తొక్కుడు నాలుగింతలైతదట. ఈ ఫార్ములా బండ్లలో ఒక్కరే కూర్చుంటరు, చక్రాలు బయటికే ఉంటయి. పందెమంతా ఇంజిన్‌లోనే ఉన్నదనుకునేటోన్ని. కాదట. రెక్కను ఒక మెట్టు లేపితే మలుపుల్లో లాభం, తిన్నని దారిలో నష్టం. దించితే అటుది ఇటైతది. టైరులో గాలి, స్ప్రింగు బిగింపు, చక్రం వాలు, ప్రతిదీ ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో గుంజుకునేదే.

సాగర్ కాలేజీ పిల్లలు అట్లాంటి బండి ఒకటి సొంతంగ చేసినరని నీకు తెలుసు. దాని రెక్కల లెక్కలన్నీ వానితోని చదివే ప్రవళికవి. పెద్దపల్లి దగ్గర వడ్లు పండించే ఇంటి పిల్ల, సన్నగ, మాట తక్కువ. ఉగాది ముందు సాగర్, ఆ పిల్ల ఇద్దరూ మన ఇంటికి వచ్చినరు. ముందటి రెక్కకు చెక్కతో అచ్చు కావాలన్నరు. ఆ అచ్చు మీద ఫైబర్ గుడ్డ పరిచి, జిగురు పోసి, ఆరినంక ఊడదీస్తే రెక్క తయారు. పొణికి చెక్కంత తేలికగ, నున్నగ ఇంకేది చెక్కుతదని సాగర్ గర్వంగ తీసుకొచ్చిండు.

ఆ పిల్ల కాగితం పరిచి చూపెట్టింది. రెండు రెక్కలు ఒక్క తీరు లేవు. కుడి రెక్క తోక రెండు నూళ్లు, అంటే పావు అంగుళం, ఎక్కువ లేచి ఉన్నది.

"వెల్డింగ్ చేసేటప్పుడు ఫ్రేము జర మెలివడ్డది అంకుల్. నాలుగు చక్రాల కింద నాలుగు తూకాలు పెట్టి చూసినం, ముందటి కుడి చక్రం మీద బరువు తక్కువ పడుతుంది. గట్టిగ బ్రేకేస్తే గదే ముందు బిగుసుకపోయి జారుతది, బండి ఎడమకు గుంజుతది. స్ప్రింగులు తిప్పి సగం సరిచేసినం. మిగిలిన సగం గాలితోని చెయ్యాలె" అన్నది.

నేను తల ఊపిన. తల ఊపుడు వేరు, వినుడు వేరు. అచ్చు చేసి పంపిన. దాని సంగతి కొంచెం ఆగి చెప్త.

సాగర్ ఫోన్‌లో ఎప్పుడూ పక్కకు చూసుకుంట మాట్లాడుతుండు, ఎందుకని అడిగినవు. నెట్ సరిగ లేదని చెప్పిన. బైకు మీది నుంచి పడి చెయ్యి బెణికిందని కూడ చెప్పిన. రెండూ అబద్ధాలు కోమలా. కూర్చొనే చదువు. పిల్లగాడు ఇప్పుడు బాగున్నడు, పక్క గదిలో అవ్వతోని అన్నం దగ్గర తగాదా పెట్టుకుంటున్నడు.

పోయిన నెల పద్నాలుగున బండిని నడిపి చూస్తమంటే నేనూ పోయిన. పెద్దపల్లి దాటినంక ఎన్నో ఏండ్లుగ విమానం దిగని పాత రన్‌వే ఒకటున్నది. మిట్టమధ్యాహ్నం. రెండు దిక్కులా గడ్డి, ఒక్క పోచ కదలడం లేదు, పిట్ట కూత లేదు. ప్రవళిక రెక్కల మీద వరుసగ ఎర్ర ఊలు దారాలు అతికించింది. గాలి కంటికి కనపడదు గద, దారాలు ఎటు లేస్తే గాలి అటు పోతున్నట్టట. సాగర్ హెల్మెట్ పెట్టుకొని కూర్చుంటే మన కొడుకు లెక్కనే లేడు.

మెల్లగ పోయినంతసేపు బండి ముచ్చటగ పోయింది. తరువాత వేగం పెంచిండు. మా ముందు నుంచి పోయేటప్పుడు కుడి రెక్క సన్నగ ఈల వేసింది, పళ్ల సందు నుంచి ఎవరో ఊదినట్టు. ఆ చివరన బ్రేకు వేసిండు. కుడి చక్రం తిరుగుడు ఆగి పొగ లేచింది. బండి ఎడమకు పోయింది. అరుపు లేదు, చప్పుడు లేదు. ఎవరో చెయ్యి పట్టి పక్కకు తీసుకపోయినట్టు పోయి, గిరుక్కున తిరిగి, కుడి ముక్కుతో మట్టి గట్టుకు గుద్దింది.

ఎడమ చెయ్యి విరిగింది, కట్టు కట్టినరు. మెడ పట్టేసి తల ఎడమకు తిరిగి ఉన్నది. కండరాలే, రెండు నెలల్లో సర్దుకుంటదని డాక్టర్ అన్నడు. అందుకే ఫోన్‌లో పక్కకు చూస్తున్నడు. నిన్ను చూడాలనే ఉంటది వానికి, మెడ రాదు.

ఇగ ఇక్కడి నుంచి రాసేది చదివి నాకు మతి పోయిందనుకున్నా సరే.

దవాఖాన నుంచి వచ్చిన మూడో రోజు పొద్దున దుకాణం తెరిచిన. అరుగు మీద ఆరబెట్టిన పన్నెండు జింక బొమ్మలు ఎడమకు చూస్తున్నయి. ఎలుకలు కదిపినయనుకొని ఒకటి చేతికి తీసుకున్న. బొమ్మ కదలలేదు, మెడే తిరిగింది. తల అతికిన కాడ, లప్పం పెట్టిన కాడ, మెలి. ఒక్కొక్కటి కొలిచిన. పన్నెండింటికీ రెండు నూళ్లే.

అవ్వ చాయ్ తెచ్చి గుమ్మంలో నిలబడ్డది. "గీ జింకలన్నీ అటెందుకు చూస్తున్నయి కొడుకా? ఎవరన్న వస్తున్నరా?" అన్నది. నేను వీధిలోకి చూసిన. ఎవరూ లేరు. అవ్వ చాయ్ అక్కడనే పెట్టి లోపలికి పోయింది, మళ్లీ దుకాణంలో అడుగు పెట్టలేదు.

మా బాపు నేర్పిన పద్ధతి నీకు తెలిసిందే. బొమ్మను అద్దం ముందు పెట్టాలె. చేతిలో కనపడని వంకర అద్దంలో దొరుకుతది. అద్దంలో తప్పున్న బొమ్మ గడప దాటొద్దు. జింకను అద్దం ముందు పెట్టిన. కోమలా, చేతిలో వంకరగ ఉన్న జింక అద్దంలో తిన్నగ ఉన్నది. అద్దంలో అది నన్నే చూస్తున్నది. పన్నెండూ అంతే. ముప్పై ఏండ్ల నుంచి ఆ అద్దాన్ని నమ్మి బతికినోన్ని.

వారం తరువాత విరిగిన రెక్కను, దాని అచ్చును పిల్లలు మన దుకాణంలో పెట్టి పోయినరు. రెక్క కుడి దిక్కు ముక్కలు ముక్కలైంది, కొలవడానికి రాదు. ఎండకు తలుపులు మూసి ఉన్నయి, కరెంటు పోయి ఫ్యాను ఆగింది. నేను రంగు నూరుకుంట తలెత్తి చూసిన. ఎడమ రెక్క మీది ఊలు దారాలు కిందికి వేలాడుతున్నయి. కుడి ముక్కల మీది దారాలు లేచి, వెనక్కి సాగి, వణుకుతున్నయి. అది వేగంగ పోతున్న బండి మీదనే ఉన్నట్టు. నా ఊపిరి తగిలిందేమో అని బిగబట్టిన, అయినా ఆగలేదు. చాలాసేపు అట్లనే ఉండి పడిపోయినయి.

అప్పుడు నాకు లప్పం కుండ యాదికొచ్చింది. చింతగింజల పిండి ఉడికించి, అందులో చెక్క పొట్టు కలిపి లప్పం చేస్త గద. ఆ పన్నెండు జింకలు ఒకే కుండలోని లప్పంతో అతికినవి. ఆ కుండలో కలిపిన పొట్టు ఎక్కడిదో నాకు తెలుసు.

ఇదే నేను దాచిన మాట. అచ్చు చేసినప్పుడు ముందు ఆ పిల్ల కొలతకే చేసిన. పని అయినంక అలవాటుగ అద్దం ముందు పెట్టిన. కుడి దిక్కు లేచి వంకరగ కనపడ్డది. ఆమె చెప్పింది గుర్తున్నది, మర్చిపోలేదు. అయినా నాకు చదువుకున్న పిల్లలు ఎక్కడో లెక్క తప్పినరనిపించింది. ఈ లింగమూర్తి చేతి నుంచి వంకర పని పోయిందంటే పేరేముంటదనిపించింది. ఆకురాయి తీసుకొని కుడి రెక్క తోకను రెండు నూళ్లు అరగదీసిన. రెండు దిక్కులూ ఒక్క తీరయినయి. ఎంత సంతోషపడ్డనో. కింద పడ్డ పొట్టు పారేయబుద్ధి కాక లప్పంలో కలుపుకున్న. ఒక్కరికీ చెప్పలేదు.

మన కొడుకు చేయి నేను విరగ్గొట్టిన కోమలా.

అంతటితో ఆగితే పొరపాటనుకోవచ్చు. దవాఖానలో సాగర్ మంచం పక్కన ప్రవళిక నన్ను అడిగింది. "అంకుల్, అచ్చు నేనిచ్చిన కొలతకే చేసిండ్రు గదా?" అన్నది. నేను "అవును బిడ్డా" అన్న. ఆమె చున్నీతో కండ్లు తుడుచుకొని, "అయితే నా ఆలోచననే తప్పు. రెండు దిక్కుల ఒక్క తీరు పెట్టాల్సుండె" అన్నది. నేను మంచినీళ్లు తాగమని గ్లాసు ఇచ్చిన. ఆ గ్లాసు ఇచ్చిన చేతిని చూస్తే ఇప్పటికీ సిగ్గైతది. సాగర్ కూడ "గా పొల్ల లెక్కను నమ్మి చెడిపోయిన బాపూ" అంటే ఊకున్న. వాళ్లిద్దరు మాట్లాడుకుంటలేరు.

సోమవారం కాలేజీలో పెద్దసార్ల ముందు ప్రవళిక తప్పు నాదే అని సంతకం పెడుతదట. తరువాత ఆమెను ఏ బండినీ ముట్టనీయరు. బండి బాగు చేసినరు. ఆ వచ్చే ఆదివారం ఇంకొకరు నడుపుతరు. కొత్త అచ్చుకు నిన్న నాకే కబురు వచ్చింది. ఈసారి రెండు దిక్కులా ఒక్క తీరే కావాలట. ఎప్పుడూ నేను కోరుకునే పనే. ఫ్రేములో మెలి అట్లనే ఉన్నది, ఆ చక్రం మళ్లీ బిగుసుకుంటది.

నిన్న మధ్యాహ్నం పాత అచ్చును తీసి, ఆ కుండలో అడుగున మిగిలిన లప్పాన్ని గీకి, కుడి రెక్క తోకకు పెట్టిన. తక్కువ కాలేదు, ఎక్కువ కాలేదు, సరిగ్గ రెండు నూళ్లకు సరిపోయి కుండ ఖాళీ అయింది. అద్దం ముందు పెడితే వంకరగ కనపడ్డది. కనపడనీ అనుకున్న.

శనివారం ఈ ఉత్తరం వెంకటేశ్‌కు ఇచ్చి, అచ్చు సంచిలో పెట్టుకొని అటు నుంచి అటే కరీంనగర్ బస్సెక్కుత. ముందు ప్రవళికకు, తరువాత సార్లకు చెప్త. సాగర్‌ను వెంట తీసుకపోత, వాడు నా నోటి నుంచే వినాలె. చెప్త అని రాయడం సులభమే. ఇరవై రోజుల నుంచి రోజూ పొద్దున చెప్తననే అనుకుంటున్న, అందుకే నా మాట మీద నాకే నమ్మకం లేదు.

కాబట్టి ఆ పన్నెండు జింకల్లో ఒకటి నీ పాత చీర ముక్కలో చుట్టి పంపుతున్న. చుట్టేటప్పుడు కూడ ఎడమకే చూస్తున్నది. ఆదివారం నీ చేతికి అందుతది, విప్పి కిటికీలో పెట్టు. తిన్నగ చూస్తుంటే నేను చెప్పినట్టు. సాగర్ మెడ సంగతి కూడ అప్పుడే అడుగు. ఇంకా ఎడమకే చూస్తుంటే నేను బస్టాండు నుంచే వెనక్కి వచ్చినట్టు. అప్పుడు వంటగదిలో ఎంతమంది ఉన్నా చూడకు, వెంటనే ఫోన్ చేసి సాగర్‌కు నువ్వే చెప్పు.

బొమ్మను నీ కండ్లతోనే చూడు. అద్దంలో మాత్రం చూడకు.

ఇట్లు,
నీ సాగర్ బాపు