ఫోను మీద దిండు

బుకారెస్టు, మే 1990

పరాస్కొవియాను దీవించి నీ భర్త త్రిఫోన్ రాసేది. భయపెట్టిన నియంత పోయాక కూడా భయపడితే, మనం కొలిచేది ఎవరిని?

నేను కులాసా. ఇక్కడ రొట్టెల వరుసలో జనం మంత్రులను గొంతెత్తి తిడుతున్నారు. ఇంట్లో మాత్రం, నేను భోజనం ముందు ప్రార్థన మొదలుపెట్టగానే అగ్లాయా అక్క లేచి ఫోను మీద దిండు పెట్టింది.

“ఫోన్లోంచి చాటుగా వినే పోలీసులు పారిపోయారు కదే అక్కా!” అన్నాను.

“వాళ్ళు పోయార్రా, ఫోను పోలేదుగా! మెల్లగా చేసుకో, దేవుడికేం చెవుడా?”

చలిమంట దగ్గర పేతురు కూడా ఇలాగే గొంతు తగ్గించి, యేసు ఎవరో ఎరగనని బొంకి ఉంటాడు.

మేక ఈనిందా? ద్రాక్షతీగలకు మందు కొట్టారా? అమ్మకు ఆయాసం ఎక్కువైందని రాశావు. ఇరుగుపొరుగుకు జడిసి ఆమె బాప్తిస్మాన్ని ఏళ్ళ తరబడి వాయిదా వేశాం. ఇక నా కోసం ఆగకు. పిల్లలకు నా ముద్దులు. కార్డు అందగానే బాప్తిస్మమిచ్చే గెర్వాసీ సోదరుణ్ణి పిలువు. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, అమ్మను ఆ రోజే నదికి తీసుకెళ్ళండి.