సుభాషిణి చెప్పిన కేబినెట్

బావా,

అమ్మను కళ్ల డాక్టరుకు చూపించను నెల్లూరు పోతున్నా. చేపల పులుసు చట్టిలో ఉంది, వేడి చేసుకో.

నీ కొత్త కంప్యూటరుకు ప్రాసెసర్, మదర్‌బోర్డు మీ ఆఫీసు సుభాషిణి చెప్పినవే కొనుక్కో. అవన్నీ బిగించే పెట్టె మాత్రం, ఆమె చెప్పిన చిల్లుల కేబినెట్ కొనబాక. ఆమె ఉండేది టౌన్లో. ఇక్కడ సముద్రం ఉప్పుగాలికి మన కిటికీ గొళ్లేలే తుప్పుపట్టిపోతుండాయి, ఇంక ఆ చిల్లుల్లోంచి గాలి దూరితే లోపలి సామాన్లు నిలుస్తాయా?

రాత్రి ఈ మాటే చెప్పబోతే "నీకర్థం కాదులే వాణీ" అని ఫోనెత్తుకుని మిద్దెపైకి పోయినావు. పైన నీ నవ్వులు వింటుంటే కింద నాకు ముద్ద దిగలేదు.

కంప్యూటర్ బిగించేటప్పుడు పక్కన నేనుండాలి, ఫోన్లో ఆమె కాదు.

వాణి

ఇంకోమాట. పొద్దున సుభాషిణికి నేనే ఫోన్ చేసి కేబినెట్ సంగతి చెప్పినా. "నిజమే అక్కా, నాకు తట్టనే లేదు" అనింది. ఎంత మంచిగా మాట్లాడిందో! అదే నాకింకా మంటగా ఉంది.