రెండు టక్కులు

అమ్మా, వార్తల్లో మా విమానాశ్రయం పేరు విని నీకు గుండెదడ పట్టి ఉంటుంది. నాకేం కాలేదు, అప్పుడు నేను విమానాలకి దారి చెప్పే టవర్‌లోనే ఉన్నాను.

మంగళవారం కెప్టెన్ బస్నెత్ విమానాన్ని దింపబోతుంటే రన్‌వే మీదికి కంచరగాడిదలు వచ్చాయి. "దిగొద్దు, పైకి లేపండి" అన్నాను. రేడియోలో రెండు టక్కులు వినిపించాయి. ఇక్కడి కెప్టెన్లు మన మాట తిరిగి చెప్పరు. మైకు బొత్తాం రెండుసార్లు నొక్కితే విన్నట్టే లెక్క. తిరిగి చెప్పమంటే బస్నెత్ నవ్వేవాడు, "మేమేమన్నా చిలకలమా, చెల్లెమ్మా?" అని.

ఆ టక్కులు అంతకుముందే నేను ఆగమన్న ఇంకో విమానానివని తర్వాత తెలిసింది. బస్నెత్‌కి గరగర తప్ప నా మాట అందనే లేదు, దిగిపోయాడు. గాడిదల్ని తప్పించబోయి విమానం రన్‌వే చివరి గోడకి గుద్దుకుని ఇద్దరికి కాళ్లు విరిగాయి. విచారణలో "ఈ పిల్ల నాచేత తిరిగి చెప్పించుకోలేదు" అన్నదీ ఆయనే! నన్ను ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు.

తిహార్ పండక్కి సెలవు దొరుకుతుందా అన్నావుగా, ఇప్పుడంతా సెలవే. తమ్ముడి నుదుట టీకా బొట్టు పెట్టే రోజుకి దండ నేనే గుచ్చుతాను. గేదె ఈనిందా? గుంద్రుక్‌కి ఆకుకూర ఎండబెట్టావా? మామయ్యకి నా దండాలు.

కార్డు అందిందని ఊరికే కబురు పంపకు. ఇందులో ఏం రాశానో తమ్ముడిచేత తిరిగి రాయించి పంపు. అప్పుడే అందిందని నమ్ముతాను.

నీ పబిత్ర