మీ అమ్మ కట్టిన ముడి

కుబోతాని,
2012 నవంబరు 6.

తెరుయుకికి,

ఇసావో రాస్తున్నాను. కొండ మీద రెల్లు తెల్లబడింది. పొద్దున్నే పొలం గట్ల మీద మంచు పేరుకుంటోంది. మోకాళ్ల నొప్పులు తప్ప నేనూ మా ఆవిడా బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ ఇంట్లోవాళ్లూ నిమ్మళంగా ఉండాలని కోరుకుంటున్నాను.

నీ కార్డు అందింది. ఆదివారం ప్రదర్శనకు వస్తానని, నా పక్కనే కూర్చుని చూస్తానని రాశావు. కొత్త సంవత్సరం కార్డులు తప్ప మన మధ్య ఉత్తరాలు లేక ముప్ఫై ఏళ్లు దాటింది. నేను సంతోషించాల్సింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. నువ్వు బయల్దేరకముందే ఈ ఉత్తరం నీకు చేరాలి.

ప్రదర్శన సంగతి బడి పంతులమ్మ చినత్సు నీకు రాసే ఉంటుంది. అప్పటి టీవీ సీరియల్ ‘వెండి నక్క’ చివరి భాగం మన పై పొలంలోనే తీశారని ఆ అమ్మాయి ఎక్కడో చదివింది. కంపెనీ వాళ్లు ఆ పాత ఫిల్మును శుభ్రం చేసి డిస్కుగా అమ్ముతున్నారట, తెప్పించింది. ఊళ్లు తిరిగి మందులమ్ముకునేవాడు నక్క ముసుగు తగిలించుకోగానే వెండి కవచంలోకి మారిపోయి దుష్ట ప్రభువు మనుషుల్ని నరికేస్తుంటే, అప్పట్లో మన ఊరి పిల్లలంతా మొహానికి తువ్వాళ్లు చుట్టుకుని గట్ల మీంచి దూకేవాళ్లు, గుర్తుందా. ఇప్పటి పిల్లలకి అది చూపిస్తానంది. మంటల్లోంచి రెల్లు లాగి చెయ్యి కాల్చుకున్న తాత మీరేనట కదా, పిల్లలకి నాలుగు ముక్కలు చెప్పండి, మరీ గొప్పలు పోకండి అని నవ్వింది. నేను తలూపి వచ్చేశాను.

నలభై ఏళ్లుగా ఆ మాటకి తలూపుతూనే ఉన్నాను.

షూటింగు జరిగిన ఆ చలికాలం నువ్వు ఊళ్లో లేవు. సగం మంది మగవాళ్లలాగే నదా సారా బట్టీలకు వెళ్లి బియ్యపు సాకె కాస్తున్నావు. మా నాన్న మంచాన పడటంతో నేను ఆగిపోయాను. రెల్లు కాపలా వంతు కూడా ఆ ఏడు నాదే. ఊరంతా కలిసి ఏడాదికి ఒక ఇంటికి కొత్త రెల్లు కప్పు వేసే లెక్కన, ఆ వచ్చే వసంతంలో మీ ఇంటి వంతు. ఇరవై రెండేళ్ల తర్వాత వచ్చిన వంతు. మూడు శరత్తుల పాటు ఊరంతా కోసి కట్టిన మోపులు పై పొలం చివర టార్పాలిన్ కింద పేర్చి ఉన్నాయి.

ఫిబ్రవరిలో షూటింగు వాళ్లు వచ్చారు. కోట ద్వారం ఒకటి చెక్కతో కట్టారు. అది తగలబడాలి. వాళ్లు లారీలో తెచ్చిన గడ్డి మంచుకి తడిసి అంటుకోవడం లేదు. నల్ల కళ్లద్దాల అసిస్టెంటు ఒకడు నా దగ్గరికి వచ్చాడు. అన్నా, పొద్దు వాలితే మా డైరెక్టరు నన్ను తినేస్తాడు, ఓ ఇరవై మోపులు చాలు, ఎవరికీ లోటు రాదు అని బతిమాలాడు. ఇవి మావి కావయ్యా, తెరుయుకి వాళ్ల కప్పు అన్నాను. ఒకసారి అన్నాను. రెండోసారి అనలేదు.

మందుగుండు పేలుస్తారని ఊరివాళ్లందర్నీ కింద గుడి దగ్గరే ఆపేశారు. మీ అమ్మ అక్కడ షూటింగు వాళ్ల కోసం చేమదుంపలు ఉడకబెడుతోంది. పైన ఏం జరుగుతోందో ఎవరికీ కనపడదు. ఇరవై మోపులు అయ్యాయి. ఇంకో ఇరవై అన్నారు. తర్వాత లెక్క లేదు. నేనే మోసి అందించాను. పొద్దు వాలేసరికి మూడింట రెండొంతులు పోయాయి.

వాళ్లు వాన్లెక్కి వెళ్లిపోయాక కిందికి దిగి, మందుగుండు రవ్వ ఎగిరి మోపుల మీద పడిందని చెప్పాను. పొలం నిండా బూడిదే, ఏది దేని బూడిదో ఎవరికి తెలుస్తుంది. గొంపెయ్ తాత, టీవీ వాళ్లని ఊళ్లోకి రానిస్తే ఇంతేనని నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నాను అన్నాడు. పొద్దున అందరికంటే ముందు నక్క ముసుగువాడి భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగింది ఆయనే. నా చేతికి బొబ్బలు చూసి మీ అమ్మ, అయ్యో నా తండ్రీ, కప్పు పోతే పోయింది, నువ్వెందుకురా మంటల్లోకి వెళ్లావు అంది. అప్పుడు నోరు విప్పాల్సింది. తలూపాను.

ఏప్రిల్లో నువ్వు వచ్చావు. బూడిద చూసి, పోనీలేరా, నీ చెయ్యి మానిందా అన్నావు. మిగిలిన రెల్లు చాలక, ఆ వేసవిలో పాత కప్పు మీద రేకు వేయించావు. మీ అమ్మ ఆ రేకుతో సర్దుకోలేకపోయింది. వాన పడితే ఎవరో తలుపు కొడుతున్నట్టు ఉంటోందిరా ఇసావో, లేచి లేచి చూస్తున్నాను అనేది. రెండేళ్లకి పోయింది. మరుసటి ఏడు నువ్వు ఇల్లు మూసి నిషినోమియా వెళ్లిపోయావు. ఆ రోజు నిన్ను సాగనంపడానికి నేను రాలేదు. కట్టెలకి అడివికి వెళ్లానని మా ఆవిడ చెప్పింది కదా. నేను ఇంట్లోనే, వెనక గదిలో ఉన్నాను.

పోయిన వారం చినత్సు ముందుగా చూసుకోమని ఆ డిస్కు వేసి చూపించింది. అప్పట్లో మా టీవీలో అంతా బూడిద రంగు చుక్కలే. ఇప్పుడు ఆకు ఈనె కూడా కనిపిస్తోంది. ద్వారానికి రెండు పక్కలా మోపులు గోడ కట్టినట్టు వరసగా పేర్చి ఉన్నాయి. రవ్వ పడి తగలబడ్డ మోపులు అలా వరసలో నిలబడవు.

అదొక్కటే అయితే నువ్వు గమనించకపోవచ్చు. కానీ మన ఊళ్లో ఏ ఇంటి ముడి ఆ ఇంటిదే. తాడు రెండు చుట్లు తిప్పి, కొసను కిందికి దోపేది మీ అమ్మ ఒక్కతే. నీరు జారిపోవాలి గానీ లోపలికి దిగకూడదనేది. ఎడమ పక్కన మూడు మోపులు కెమెరాకి దగ్గరగా ఉన్నాయి. మూడూ ఆమె కట్టినవే. చినత్సుకి అవి పట్టలేదు. సెట్టు ఎంత బాగా వేశారో చూడండి తాతా అంది. నీ కళ్లు మాత్రం ముందు అక్కడికే వెళ్తాయి. ఆ క్షణంలో నీ పక్కన కూర్చుని ఉండటం నా వల్ల కాదు. డిస్కు పగిలిపోయిందని చెప్పించాలని కూడా ఒక పూట ఆలోచించాను.

ఆ మోపులు ఇచ్చింది నేనే. మన ఊరు టీవీలో కనపడితే అందరికీ మంచిదనుకుని, ఊరి కోసం ఇచ్చాను. ఇచ్చాక చెప్పడానికి భయపడ్డాను. ఆదివారం బొమ్మ మొదలయ్యే ముందే పిల్లలకి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. నువ్వు రావడం, రాకపోవడం నీ ఇష్టం. వస్తే నా పక్కన కూర్చోనక్కర్లేదు.

మా ఆవిడ నీకోసం ఈ ఏటి నల్ల చిక్కుడు గింజలు మూట కట్టింది. ఈ ఉత్తరంతో కలిపి పంపడం బాగుండదని ఆపాను.

ఇట్లు,
ఇసావో

తా.క. కవరు అంటించి మళ్లీ విప్పాను. ఊరి కోసం ఇచ్చానని పైన రాశాను. అది కూడా అబద్ధమే. నేను కాదన్నాక ఆ అసిస్టెంటు నన్ను ఎగాదిగా చూసి, మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నావే, ద్వారానికి నిప్పు పెట్టే వేషం నీకిస్తాను అన్నాడు. దేశమంతా నా మొహం చూస్తుందనుకున్నాను. మోపులన్నీ మోశాక, దుస్తులు తొడిగి కళ్ల కింది దాకా నల్లగుడ్డ చుట్టారు. మొహం కనపడదని అప్పుడు తెలిసింది. అప్పుడు కూడా కాగడా కింద పెట్టలేదు. మీ అమ్మ ముడుల దగ్గర నిప్పు పెట్టే మనిషిని చూడు, కుడికాలు కాస్త ఈడుస్తాడు. నా నడక నీకు తెలుసు. వెండి నక్క వచ్చి కత్తి దూయగానే ఎడమ చెయ్యి విదిలిస్తూ పడిపోతాడు. పిల్లలు అక్కడ నవ్వుతారు. అది నటన కాదు, కాగడా మంట నా చేతికే అంటుకుంది. నేను మంటల్లోంచి ఒక్క మోపు కూడా లాగలేదు. ఆ చేతికి మీ అమ్మ ఇరవై రోజులు, పూటపూటా మా ఇంటికి నడిచి వచ్చి మందు రాసింది.