పది నిమిషాల కునుకు

నా పిచ్చుకా, కలీనా,

ఇక్కడ నేను, మీ నాన్న, రెండు మేకలు బాగానే ఉన్నాం. ఆ సముద్రం ఒడ్డు హోటల్ వంటింట్లో నువ్వూ బాగున్నావనే అనుకుంటున్నాను. "బాగానే" అని రాసేటప్పుడు చెయ్యి కాసేపు ఆగింది. అయినా రాశాను. నా రాతలో తప్పులుంటాయి, సర్దుకుని చదువుకో.

ముందు నువ్వు అడిగినవి చెప్తాను. మోకాలు వాన పడితేనే నొప్పి. మీ అన్న సమాధికి రాయి నిలబెట్టారు, డెయాన్ పేరు చక్కగా చెక్కారు. తలకి కట్టిన నల్లగుడ్డ తీశావా అన్నావు. ఏడాది తిరగందే తీయను. ఇక మీ అన్న నేస్తం యావొర్ నీ ఫోను ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. వాడు నా ఫోనూ ఎత్తడం లేదమ్మా. పోయిన వారం సైకిలు తెచ్చి మన కొట్టంలో ఆనించాడు. "పిన్నీ, ఇది ఎవరికైనా ఇచ్చెయ్. డెయాన్‌కిచ్చిన మాట నిలబెట్టుకోలేనోడికి సైకిలెందుకు" అని, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

మన కొండల మీద ఆ నూట ముప్ఫై కిలోమీటర్ల సైకిలు పందెం సంగతి నీకు తెలిసిందే. తొక్కేవాడికి ఒక తోడు మనిషి ఉండాలి. మూడు మజిలీల్లో తిండి పెట్టడం, తడి బట్టలు మార్చడం, కునుకు తీస్తే లేపడం, అన్నీ ఆ తోడు మనిషి పనే. ఇంకెవరూ వేలు పెట్టకూడదు. నాలుగేళ్లు మీ అన్నే యావొర్‌కి తోడు. నాలుగేళ్లూ యావొర్ మూడో మజిలీలోనే చేతులెత్తేశాడు. "ఒరేయ్, మా అమ్మమ్మయినా ఈపాటికి కొండ దిగి కాఫీ తాగేస్తుండేదిరా!" అని డెయాన్ వాడి వెంటపడి అరిచేవాడు. ఈ ఏడు దాటించి తీరతానని పంతం పట్టాడు. ఫిబ్రవరిలో వాడే లేకుండా పోయాడు.

వాడు పోయిన నలభయ్యో రోజున యావొర్ వచ్చి, వాడి పేరున పంచిన ఉడికించిన గోధుమలు దోసిట్లో పట్టుకుని తినలేక నిలబడ్డాడు. "పిన్నీ, ఈసారి తోడు నువ్వు రా. వాడి టోపీ జేబులో పెట్టుకుని చివరిదాకా తొక్కుతాను. వాడికి మాటిచ్చాను" అన్నాడు. వస్తానన్నాను. పక్కింటి జ్లాతా నోరు ఊరుకుంటుందా? "నల్లగుడ్డతో పందేనికా తొదోరా!" అంది. "పిల్లాడికి సూప్ పోయడానికి రంగుబట్టలు కావాలా?" అన్నాను.

పందెం రోజు తెల్లవారి బయల్దేరేటప్పుడు మన ఇంటి పద్ధతిలో చక్రం ముందు చెంబుడు నీళ్లు పోశాను, దారి నీళ్లలా సాఫీగా సాగాలని. "పిన్నీ, బూట్లు తడిపేశావు, ఇక్కడే జారి పడేట్టున్నాను" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో.

రెండు మజిలీలు బాగానే దాటాడు. మూడోది పైన గొర్రెల దొడ్డి దగ్గర. మధ్యాహ్నం రెండున్నరకి వానలో వచ్చాడు. వేళ్లు కొయ్యబారిపోయి బ్రేకు వదలడం లేదు. ఒక్కొక్క వేలే విప్పాను. చిక్కుడుగింజల సూప్ గటగటా తాగాడు. అక్కడ నాలుగింటికి గొర్రె గంట మోగిస్తారు. అప్పటికి కదలనివాడు పందెంలో లేనట్టే.

"ఇంకా దాదాపు గంటన్నర ఉంది పిన్నీ. ఇక దిగుడే ఎక్కువ. ఈసారి అయిపోయినట్టే! పది నిమిషాలు కళ్లు మూస్తాను, లేపు. లేవకపోతే తిట్టు, డెయాన్‌లా తిట్టు" అని కంబళి మీద వాలిపోయాడు.

పది నిమిషాలయింది. లేపలేదు. ఇరవై అయింది. పోస్టాఫీసు సెవ్దా అక్కడ పేర్లు రాస్తోంది. "మీవాడు పెళ్లికొడుకులా పడుకున్నాడు, లేపవే తొదోరా!" అంది. లేపుతున్నా అన్నాను. పావు తక్కువ నాలుగుకి మళ్లీ వచ్చింది. "నేను ముట్టుకోకూడదు. తర్వాత నన్ననకు" అంది. తల ఊపాను. నాలుగింటికి గంట మోగింది కలీనా. అప్పుడు నేను వాడి రెండు చెవులూ నా అరచేతులతో మూశాను.

నాలుగున్నరకి తనే లేచాడు. "ఎంత లేపినా లేవలేదు నాయనా" అన్నాను. కోప్పడలేదు. జేబులోంచి మీ అన్న టోపీ తీసి నా చేతిలో పెట్టి, "నా ఒళ్లే మొద్దుబారింది పిన్నీ" అన్నాడు.

ఎందుకలా చేశానో చెప్పాలంటే ఇంకోటి చెప్పాలి. ఫిబ్రవరి నుంచి కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. ఆ రోజు డెయాన్ తనంతట తనే కట్టెలకి వెళ్లాడని మీరంతా అనుకుంటున్నారు. కాదు. రొట్టెల బట్టీలో రాత్రంతా పనిచేసి వచ్చి అప్పటికి రెండు గంటలే పడుకున్నాడు. కట్టెలు అయిపోయాయి, మీ మామయ్య ట్రాక్టరు ఆ పూటే ఖాళీ. నేనే లేపాను. "పది నిమిషాలు అమ్మా" అన్నాడు. "నీ పది నిమిషాలతో పొయ్యి వెలుగుతుందా, లే" అని దుప్పటి లాగేశాను. నిద్రమొహంతోనే వెళ్లాడు. మలుపులో ట్రాక్టరు తిరగబడితే పోలీసులు మంచు వల్ల అన్నారు. మంచేనని అననిచ్చాను.

యావొర్ అలా నోరు తెరుచుకుని పడుకుంటే నా చెయ్యి వాడి భుజం దాకా వెళ్లి వెళ్లి వెనక్కొచ్చింది, నిద్రమొహంతో కొండ దిగితే వీడూ అలాగే పోతాడేమోనని. కానీ ఆ భయం నాది, వాడిది కాదుగా. మీ అన్న నాలుగేళ్లు వాడి కోసం చలిలో నిలబడ్డాడు. ఆ పని నేను ఒక్క మధ్యాహ్నం చేయలేకపోయాను. పైగా తప్పు వాడి ఒంటి మీదికి నెట్టాను.

నిన్న మీ నాన్నకి అంతా చెప్పాను. మేకని పిండుతున్నాడు. చెయ్యి ఆగింది, మళ్లీ పిండాడు. సాయంత్రం నన్ను లేవనివ్వకుండా పొయ్యిలో కట్టెలు తనే పెట్టాడు.

రేపు పొద్దున్నే ఆ సైకిలు నడిపించుకుంటూ యావొర్ పనిచేసే జున్నుశాలకి వెళ్తాను. క్షమించమని అడగను. నీ ఒళ్లు మొద్దుబారలేదురా, నేనే లేపలేదు, అబద్ధమాడాను అని చెప్తాను. అందరి ముందు తిడతాడేమో, తిట్టనీ. నీకు ముందుగా ఎందుకు రాస్తున్నానంటే, ఇది పోస్టు డబ్బాలో వేశాక ఇక వెనక్కి తగ్గలేను.

నామీద కోపమొస్తే రానీ. జవాబు రాయాలనిపించకపోతే రాయకు, నేను ఎదురుచూస్తూనే ఉంటాను. కానీ ఊరందరికీ వండిపెట్టి, నువ్వు గిన్నె అడుగున మిగిలింది నిలబడి తినకు తల్లీ. కూర్చుని, కడుపు నిండా తిను.

ఇట్లు
మీ ఇద్దరినీ కన్న అమ్మ,
తొదోర