రెండో వాల్వు

లలితకు,

ఇక్కడ ట్రాలీ ఊళ్లో నేనూ, పాప సహస్రా క్షేమం. లిమరిక్ ఆసుపత్రి డ్యూటీల్లో పడి కూడా నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను. ఇది ఫోన్లో మొదలుపెడితే నువ్వు మధ్యలో తిట్లందుకుంటావు, నేను సగంలో ఆపేస్తాను. అందుకే ఉత్తరం.

పాప దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. "ఐయామ్ గ్రాండ్, డాడ్" అంటూ సాక్సుల్లేకుండా తిరుగుతోంది. వెనక గది ఇంకా చల్లగానే ఉందా అన్నావు. దాని సంగతే చెప్పాలి.

ఆ గదిని వెచ్చబరిచే వేడినీళ్ల రేడియేటర్ తుప్పుపట్టి కారడం మొదలైంది. ప్లంబర్ వచ్చి రెండు నిమిషాలు చూసి, మార్చడానికి నాలుగు వందల ఎనభై యూరోలన్నాడు.

"కొత్త రేడియేటర్ నూట యాభైకే దొరుకుతోంది కదా?" అన్నాను.

"దొరుకుతుంది. కానీ అది తనంతట తాను బిగించుకోదు" అన్నాడు.

ఒళ్లు మండింది. బిగించడానికే మూడు వందల ముప్పయ్యా? వీడియో చూసి, స్పానర్ కొని, శనివారం పొద్దున్నే నేనే దిగాను. ఒక పక్క వాల్వు మూశాను. రెండో పక్క కూడా ఒకటుంటుందని తట్టలేదు. నట్టు వదులు చేయగానే తారులాంటి నీళ్లు గదంతా చిమ్మాయి. బొటనవేలు అడ్డుపెట్టి, పక్కింటి మేరీని పిలవమని సహస్రను పంపాను. డెబ్బై ఏళ్ల ఆవిడ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చి, రెండో వాల్వు తిప్పి, "వీటికి రెండుంటాయి, లవ్" అని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పి వెళ్లిపోయింది.

చివరికి ఆ ప్లంబరే మళ్లీ వచ్చాడు. నేను వంచిన పైపుతో కలిపి ఆరు వందల పది తీసుకున్నాడు. నవ్వలేదు, అదొక్కటే నయం.

ఇక నీ మూడో ప్రశ్న. పరీక్ష నోట్సు ఇంకా రాలేదేమని అడిగితే, పోస్టు ఆలస్యమన్నాను. అబద్ధం, లలితా. ఆ శనివారం నీ నోట్సు పెట్టె రేడియేటర్ పక్కనే ఉంది. నాలుగేళ్లు డ్యూటీల మధ్య కూర్చుని నువ్వు రాసుకున్న వాటిలో గుండె జబ్బుల పుస్తకం నల్లగా నానిపోయింది. మిగతావి బాగున్నాయి. నువ్వు రెండోసారి రాస్తున్న పరీక్ష అని తెలిసి కూడా, నోరు విప్పి చెప్పలేకపోయాను.

ఆరబెట్టిన పేజీలు చూస్తూ రోజూ కొన్ని కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తున్నాను. నాకు ఒక్క మందు పేరూ తెలియదు, నీ రాత వాటికన్నా కష్టం. నలభై పేజీలయ్యాయి. పదకొండు పేజీల్లో మాత్రం ఎంత చూసినా అక్షరం కనబడలేదు. వాటి చోట తెల్ల కాగితాలు వదిలాను. ఆదివారం నేనే తెస్తాను. అక్కడ ఏముండాలో నువ్వు చెప్పు, పక్కన కూర్చుని రాస్తాను.

ఇట్లు,
తిట్లకు సిద్ధంగా ఉన్న నీ భర్త,
మహీధర్